పట్టికలో లేదు

తడిగుడ్డతో రిసీవరు తుడుస్తూండగానే ఫోను మోగింది. క్లూ అక్క ఎత్తలేదు. తుడవడం పూర్తికాకుండా రోజు మొదటి ఫోను ఎత్తడం ఆమెకు ఇష్టముండదు. చెవి ఆనేచోట ఒకసారి, నోరు ఆనేచోట ఇంకోసారి తుడిచి, మెలికలు పడిన తీగను వేళ్లతో విప్పి, కళ్లు మూసుకుంది. "దేవుడా, ఈ పూట నా నోటినుంచి ఎవరికీ కష్టం కలిగించే మాట రానివ్వకు" అనుకుంది. ఈ ప్రార్థన ఎవరూ నేర్పింది కాదు, తనకు తానే అల్లుకున్నది. అందులో దేవుణ్ణి అడిగింది తక్కువ, తనను తాను హెచ్చరించుకున్నది ఎక్కువ. అప్పుడు రిసీవరు ఎత్తింది.

"క్లూ లైనండీ, చెప్పండి."

ఆ గది పత్రికాఫీసులో మెట్లకింద ఉంటుంది. ఒకప్పుడు అందులో కాగితం కట్టలు పడేసేవారు. ఇప్పటికీ జిగురు వాసన వదల్లేదు. పైనుంచి ఎవరు దిగుతున్నారో చెప్పుల చప్పుడును బట్టి ఆమె చెప్పగలదు. ఒక బల్ల, కుంటి కాలుకింద మడిచి పెట్టిన అట్టముక్క, ఒక కుర్చీ, ఒక పాత నల్ల ఫోను. ఆ ఫోనుకు బయటినుంచి రావడమే గాని ఇక్కణ్ణుంచి బయటికి వెళ్లే దారి లేదు. ఎవరు చేశారో నంబరు చూపించే కిటికీ కూడా లేదు. ఏళ్లతరబడి ఒక్క చెవికే ఆనించడం వల్ల ఆమె కుడిచెవి తమ్మె కాస్త నొక్కుకుపోయి, ఎడమదానికంటే ఎర్రగా ఉంటుంది. సన్నటి మనిషి. నెరిసిన జుట్టును లాగి ముడి వేస్తుంది. ఆ ముడిలోంచి ఒక్క వెంట్రుక బయటికి రాదు, ఆమె నోట్లోంచి అనవసరమైన మాట బయటికి రానట్టే.

పత్రికలో అయిదో పేజీ కింది మూలన రోజూ ఒక చక్రం వేస్తారు. నడిమధ్య ఒక ఇంగ్లీషు అక్షరం, చుట్టూ ఆరు అక్షరాలు. వాటితో అయిదక్షరాల ఇంగ్లీషు మాటలు కూర్చాలి. నడిమి అక్షరం ప్రతి మాటలోనూ ఉండి తీరాలి. కుదరనివాళ్లు క్లూ లైనుకు ఫోను చేస్తారు. ఒక ఫోనుకు ఒక అక్షరం చెప్పవచ్చు. ఎవరైనా తామే మాట కూర్చి చెబితే, పొద్దున్నే పేజీ ఇన్‌ఛార్జి పంపే జవాబుల పట్టిక చూసి "ఉంది" అనాలి, లేకపోతే "లేదు" అనాలి. ఆమె ఉద్యోగమంతా ఆ రెండు మాటలే.

ఇంగ్లీషు ఆమెకు రాదని కాదు, వచ్చనీ కాదు. అయిదక్షరాల మాటలు వందలకొద్దీ గుర్తుపడుతుంది. చాలావాటికి అర్థం తెలియదు. ఇంటిముందునుంచి రోజూ వెళ్లే మనుషుల్లాగే అవీను. ముఖాలు తెలుసు, మంచీచెడూ తెలియవు.

ఈ పొద్దు మొదటి ఫోను పేచీల తాతగారిది. ఆయనకు పేరు పెట్టింది ఆఫీసు బంట్రోతు.

"అమ్మాయ్, నేను అక్షరం అడగను. నా సంగతి నీకు తెలుసుగా. ఊరికే దారి చూపించు, చాలు."

"దారన్నా అక్షరమే కదండీ."

"సరే తల్లీ, నీ మొండితనమే గెలవనీ. చెప్పు."

ఆమె పట్టిక మీద వేలు పెట్టింది. "ఒక మాట చివర 'కె' వస్తుందండీ."

"కె ఎక్కడిది?"

"మధ్యలో ఉన్నదేనండీ."

"మధ్యలో పి ఉంది! కళ్లజోడు పెట్టుకునే చూస్తున్నాను. నువ్వు పెట్టుకున్నావా?"

ఆమె ఎప్పుడూ పత్రిక చూడదు. పట్టిక ఉండగా పత్రికతో పనేముంది? ఇప్పుడు బల్ల సొరుగులోంచి తీసి అయిదో పేజీ విప్పింది. చుట్టూ ఉన్న ఆరు అక్షరాలూ పట్టికలో ఉన్నవే. నడిమధ్య మాత్రం కె లేదు. నిన్నటి పి అలాగే కూర్చుని ఉంది.

"కాసేపాగి చెయ్యండి తాతగారూ" అని పెట్టేసి, పట్టికా పత్రికా రెండూ పట్టుకుని మెట్లెక్కింది.

పేజీ ఇన్‌ఛార్జి కుర్రవాడు. కొడుకుంటే ఆ వయసువాడే అయ్యేవాడని ఆమె అప్పుడప్పుడూ అనుకుంటుంది. కలం మూత నములుతూ తెరవైపు చూస్తున్నవాడు ఆమెను చూసి, పత్రికను చూసి, మూత నోట్లోంచి తీశాడు. నిన్నటి పేజీ మీదే ఇవాళ్టి పేజీ కూరుస్తారు. పాతవి చెరిపి కొత్తవి ఎక్కిస్తారు. చుట్టూ ఉన్నవి మార్చి నడిమిది మార్చడం మరిచాడు.

"అయ్యో... చచ్చాంరా దేవుడా" అన్నాడు. "పసిదానికి జ్వరం అక్కా. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు."

"తగ్గిందా బాబూ?"

"తగ్గలేదు." తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు. "పోయిన నెలలో వాతావరణం బొమ్మ తారుమారైందని ఎడిటర్ ఎంత ఎగిరాడో చూశావుగా. ఇంకో తప్పు పడితే పేజీయే ఎత్తేస్తానన్నాడు. పేజీ పోతే చక్రం పోతుంది. చక్రం పోతే నీ ఫోను ఎవరికి? రేపు మూలన చిన్నగా సవరణ వేస్తాను. ఇవాళ మాత్రం నోరెత్తకు."

"ఫోన్లు చేసేవాళ్లకి ఏం చెప్పను సార్?"

"చక్రంలో ఉన్న అక్షరాలే క్లూ ఇవ్వు. కె మాట ఎత్తకు. ఎవరైనా మాట చెబితే పట్టికలో లేదను."

"పి పెట్టి మాట కూరిస్తే అది ఒప్పే కదా. తప్పనడం అబద్ధం కాదా?"

"తప్పు అని ఎవరనమన్నారక్కా? పట్టికలో లేదు అనమన్నాను. నిజంగానే లేదుగా! మనంతట మనం చెబితే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది."

ఆమె మెట్లు దిగింది. అబద్ధం కాదు. నిజంగానే పట్టికలో లేదు. ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. ఎక్కడా చిల్లు కనబడలేదు. అంత నున్నగా ఉన్న నిజాన్ని చూస్తే ఆమెకు భయం వేసింది. పెద్ద పెద్ద అబద్ధాలకు లెక్క అడుగుతాడంటారు దేవుడు. ఇంత నున్నటి నిజాలకు కూడా అడుగుతాడా?

ఆమె భర్త ఈ ఆఫీసులోనే ప్రూఫులు దిద్దేవాడు. ఇంట్లో కూడా దిద్దేవాడు. ఆమె ఏదైనా చెప్పబోతే మధ్యలో వేలెత్తి ఆపి, మాట సరిచేసి, మళ్లీ మొదటినుంచి చెప్పమనేవాడు. మళ్లీ మొదలుపెట్టేసరికి ఆమెకు చెప్పాలనిపించేది కాదు. కొన్నాళ్లకు వేలెత్తే అవసరమే లేకుండా పోయింది. కూరలో ఉప్పు మరిచిపోయినా అలాగే తిని ఊరుకునేది, చెప్పేది కాదు. ఆయన పోయాక ఆఫీసువాళ్లు జాలిపడి ఈ ఫోను ముందు కూర్చోబెట్టారు. నోట్లో నాలుక లేని మనిషికి నోటితో చేసే ఉద్యోగం ఇచ్చారని అందరూ నవ్వారు. అది ఆమెకు సరిగ్గా అతికింది. చెప్పవలసింది కాగితం మీద ఉంటుంది, చదివితే చాలు.

ఇప్పుడు అన్నగారింట్లో ఉంటోంది. "రోజంతా ఆఫీసులో మాట్లాడుతుందట. ఇంటికొస్తే ఆవిడ మాటకి మనం క్లూ అడగాలి" అంటుంది వదిన, వచ్చినవాళ్లందరితో. ఆమె కూడా వాళ్లతోపాటు నవ్వుతుంది.

ఫోను మోగుతూనే ఉంది. ఒక కాలేజీ పిల్ల, "పిన్నీ, ఇవాళ తెగ ఈజీగా ఉంది, నాకు నాలుగొచ్చాయి" అని గడగడా చదివింది. నాలుగింటికీ లేదనిపించుకుని, "మీ పట్టికకి ఒంట్లో బాగోలేదేమో, చూపించండి" అని పెట్టేసింది. పేచీల తాతగారు మళ్లీ చేశారు. "కె దొరికిందా?" అన్నారు. "ఇంకో అక్షరం చెబుతానండీ" అంది. "అంటే దొరకలేదన్నమాట" అని నవ్వారు. ఆయనకు అర్థమైపోయింది. అర్థమైనవాళ్లకు ఫరవాలేదు. నవ్వుకుని పత్రిక మడిచి పక్కన పడేస్తారు.

ఆమె ఎదురుచూస్తున్నది పెయింటరుగారి ఇంటినుంచి వచ్చే ఫోను కోసం, రాకూడదని మొక్కుకుంటున్నదీ ఆ ఫోనే.

పెయింటరుగారిని ఆమె చూడలేదు. ఆయన గొంతు కూడా వినలేదు. బతుకంతా దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. గోడవైపు తిరిగి పడుకుని ఎవరివైపూ చూసేవాడు కాదట. అక్షరాల ఆటలు ఆడించమని ఆసుపత్రిలో ఎవరో చెబితే, భార్య ఈ చక్రం కత్తిరించి ఆయన ముందు పెట్టింది. ఎడమచేతి వేలితో ఒక్కొక్క అక్షరాన్నీ తాకి మాట చూపించడం మొదలుపెట్టాడు. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గాని మాటలు తెలియవు. అందుకని ఫోను చేస్తుంది. "ఇది మాటేనా అమ్మా, చూసి చెప్పు." మొదటిసారి "ఉందండీ" అన్నప్పుడు, ఆ పూట ఆయన తన చేత్తో తాను తిన్నాడని మర్నాడు చెప్పింది. అప్పటినుంచీ అంతే. ఉందన్న రోజు లేచి కూర్చుంటాడు, తింటాడు, కిటికీలోంచి వీధి చూస్తాడు. లేదన్న రోజు గోడవైపు తిరుగుతాడు. "నీ చేతిలో ఉందమ్మా మా ఇంట్లో పొయ్యి" అని ఆవిడ ఒకసారి నవ్వింది. క్లూ అక్కకు మాత్రం ఆ రాత్రి తిన్నది అరగలేదు.

ఆయనకు స్నానం చేయించాక ఫోను చేస్తుందావిడ. ఆ వేళకే ఫోను మోగింది. సరిగ్గా అప్పుడే మెట్లమీద చెప్పుల చప్పుడైంది. పేజీ ఇన్‌ఛార్జి కాఫీ గ్లాసుతో తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. "ఎన్నొచ్చాయి ఫోన్లు?" అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె రిసీవరు ఎత్తింది.

"అమ్మా! అమ్మా, నేనే. ఇవాళ ఏమైందో తెలుసా?" ఆవిడ గొంతులో ఆయాసం, నవ్వు, ఏడుపు అన్నీ కలిసిపోయాయి. "ఆయన నోరు తిరిగిందమ్మా! మాట అన్నారు! అక్షరాలు చూపించారు, చూపించి నావైపు తిరిగి, ప్లే... ప్లే... అని, ఆఖరికి ప్లేటు అన్నారు. చక్కగా అన్నారు. అని అటు బల్లమీద ఉన్న ప్లేటు చూపించారు. నేను కడిగి తుడిచి తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టాను, ఇదేనా అని. ఇదే అన్నట్టు తలూపారు. పి, ఎల్, ఎ, టి, ఇ. చూడమ్మా, చూసి ఆయనకి వినబడేలా గట్టిగా చెప్పు. ఫోను ఆయన చెవి దగ్గర పెడతాను."

క్లూ అక్క పట్టికవైపు చూడలేదు. చూడనక్కరలేదు. నోరు తెరిచింది. తలుపు దగ్గర ఇన్‌ఛార్జి గ్లాసు కిందికి దించి, ఆమె ముఖంలోకి చూస్తూ, తల అడ్డంగా ఊపాడు. రెండు రోజులుగా నిద్రలేని కళ్లు. జ్వరంతో పసిపిల్ల. అతనిమీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కోపం వస్తే ఎంత బాగుండేదో.

రిసీవరులోంచి ఊపిరి వినిపిస్తోంది. బరువైన, తొందరపడుతున్న ఊపిరి. అది ఆవిడది కాదు.

"పట్టికలో లేదండీ" అంది క్లూ అక్క.

ఊపిరి ఆగినట్టయింది. ఆవిడ గొంతు వచ్చింది. "లేదా? ప్లేటు లేదా? ప్లేటు లేకపోవడమేమిటమ్మా, ఇంగ్లీషు రాని నాకే వచ్చు ఆ మాట!"

"లేదండీ."

"ఇంకోసారి చూడమ్మా."

"చూశానండీ."

ఇన్‌ఛార్జి బతికానన్నట్టు ఒక చిన్న నవ్వు నవ్వి, "నువ్వు మా అమ్మవి అక్కా" అని మెట్లెక్కి పోయాడు.

కాస్త ఆగి ఆవిడే మళ్లీ చేసింది. ఈసారి గొంతు మామూలుగా ఉంది, సంతలో బేరం కుదరని మనిషిలా. "ఇంకోటి చూపించారమ్మా. నేనే బతిమాలాను. పి, ఎల్, ఎ, ఎన్, టి. కిటికీలో మొక్కవైపు చూపించారు. నోటితో మాత్రం అనలేదు."

గదిలో ఎవరూ లేరు. తలుపు దగ్గర ఎవరూ లేరు. చెప్పవచ్చు. అమ్మా, ఆ రెండూ ఒప్పే, తప్పు మాది అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? కాని ఆ మాటలు కాగితం మీద లేవు. కాగితం మీద లేని మాట ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆమె ఎప్పుడో మరిచిపోయింది. ఒక వేలు గాలిలో లేచి, ఆగు అన్నట్టనిపించింది.

"లేదండీ" అంది.

"పోనీలే అమ్మా. నువ్వేం చేస్తావు పాపం, ఉన్నదే చెబుతావు" అని ఆవిడే ఓదార్చింది. "కాగితం మడిచి ఇచ్చేశారు. ఇక వద్దని చెయ్యి ఊపుతున్నారు. ఉంటాను."

మధ్యాహ్నం క్లూ అక్క డబ్బా విప్పింది. మూతలో కొంచెం వేసుకుని, కలిపి, చెయ్యి కడిగేసుకుంది. వరండాలో బంట్రోతు తింటున్నాడు.

"ఏంటక్కా, పత్యమా?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉందనే. ఇన్నేళ్లు నీ 'లేదు' విన్నాం, ఆమాత్రం తెలీదా?"

ఆమె అతనివైపు చూసింది. "ఒకరికి ఫోను చెయ్యాలి. నీ ఫోనిస్తావా?"

"ఆహా, దానికేం. నంబరు చెప్పు." ఎడమచేత్తో జేబులోంచి తీశాడు.

నంబరు లేదు. ఇల్లెక్కడో తెలియదు. నిరుటినుంచి ఒక ఇంట్లో ఎప్పుడు పొయ్యి వెలుగుతుందో, ఎప్పుడు వెలగదో తెలుసు. పక్షవాతం మనిషి ఏ పూట ఎంత తిన్నాడో తెలుసు. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో ఎన్నడూ అడగలేదు. అడగడం ఆమె పనిలో లేదు.

"వద్దులే" అంది.

గదిలోకి వచ్చి కూర్చుని ఒక నిర్ణయం చేసుకుంది. ఆవిడ ఇంకొక్కసారి చేస్తే చెప్పేస్తుంది. పేజీ పోనీ, ఫోను పోనీ. వదిన నవ్వితే నవ్వనీ. నిర్ణయమయ్యాక ఒళ్లు తేలికపడింది. చెప్పవలసిన మాటను పెదాలు కదిపి రెండుమూడుసార్లు వల్లించుకుంది. పెయింటరుగారికి చెప్పండమ్మా, ఆయన మాట ఒప్పే, మా చక్రమే తప్పు. వల్లించుకుంటూంటే నవ్వు కూడా వచ్చింది, ఇంత చిన్న మాటకా ఇంత పెనుగులాట అని.

ఫోను మోగినప్పుడల్లా ఆ మాట నాలుక చివరికి వచ్చేది. ఎవరో పాల వ్యాపారి తప్పు నంబరు. ఎవరో పిల్లవాడు "మా అక్కకి పెళ్లెప్పుడో క్లూ ఇవ్వండి" అని కిసుక్కుమని పెట్టేశాడు. పేచీల తాతగారు మూడోసారి చేసి, "పట్టు వదలకు తల్లీ, కొలువుకి ఎసరొస్తుంది" అన్నారు. అది వెటకారమో మంచితనమో తెలియలేదు.

ఎండ వాలి, గది ముందున్న గోడమీద నీళ్ల గొట్టం నీడ పొడుగైంది. మెట్లమీద ఇంటికి పోయేవాళ్ల చెప్పులు చప్పుడవుతున్నాయి. క్లూ అక్క లేవలేదు. "తాళం వెయ్యాలక్కా" అన్నాడు బంట్రోతు. "కాసేపుండు" అంది. ఆమె ఎవరినైనా ఉండమనడం అతను మొదటిసారి విన్నాడు. గుమ్మంలోంచి ఆమెను చూసి, బయటికి పోయి కూర్చున్నాడు.

ఫోను మోగింది.

"అమ్మా, ఉన్నావా? పోయుంటావనుకున్నాను."

"ఉన్నానమ్మా, మీకోసమే ఉన్నాను. మీకొక మాట..."

"రేపటినుంచి ఫోను చెయ్యనమ్మా." ఆవిడ గొంతు ఎండిపోయి ఉంది. "ఎదురుచూస్తావేమో అని చెబుతున్నాను. ఆయన పోయారు."

క్లూ అక్క వల్లించుకున్న మాట నోట్లోనే ఉంది.

"అన్నం తెస్తే వద్దని గోడవైపు తిరిగారు. నిద్రనుకున్నాను. లేపుదామని చెయ్యి వేస్తే చల్లగా ఉన్నారు. డాక్టరు వచ్చి చూశాడు. ఇది ఎప్పుడైనా జరిగేదే అన్నాడు. ఇవాళే ఎందుకు జరగాలని అడిగాను. అలా అడగకూడదమ్మా అన్నాడు."

"అమ్మా..." అంది క్లూ అక్క. "ఆ ప్లేటు... ఆయన చెప్పింది ఒప్పే. మొక్క కూడా ఒప్పే."



"పట్టికలో లేదన్నావు కదా?"

"పట్టికలో లేదు. పత్రికలో అక్షరం తప్పు పడింది. ఆయన తప్పు కాదు. మాది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

క్లూ అక్క కళ్లు మూసుకుంది. ఈ ప్రశ్నకు నున్నటి జవాబులు రెండుమూడు కనబడ్డాయి. ఏదీ అబద్ధం కాదు.

"పొద్దున్నే."

"నేను ఫోను చేసేటప్పటికే?"

"చేసేటప్పటికే."

ఆవిడ తిట్టలేదు. తిడితే వినడానికి క్లూ అక్క చెవి ఇంకా గట్టిగా ఆనించింది. ఆవిడ ఎవరితోనూ కానట్టు, తనలో తాను అనుకున్నట్టు, "నోరారా అన్నారు. నిరుటినుంచి అన్న ఒక్క మాట" అంది. దూరంగా ఎవరో మగమనిషి "వదినా, ఇలా రా, వచ్చేశారు వాళ్లు" అని పిలిచాడు. రిసీవరు చెక్కమీద పెట్టిన చప్పుడైంది. పెట్టేసిన చప్పుడు కాదు, పక్కన ఉంచిన చప్పుడు.

క్లూ అక్క కూడా పెట్టెయ్యలేదు. ఆ ఇంట్లోకి ఇన్నాళ్లకు తను అడుగుపెట్టినట్టుంది. చాలామంది కాళ్ల చప్పుళ్లు. ఎవరో తలుపు రెండో రెక్క తెరిచారు. "జాగ్రత్త, తలవైపు పట్టుకోండి" అన్నారెవరో. ఎత్తుతున్నవాళ్ల మూలుగు. మంచం కాలు నేలమీద గీసుకుంది. ఒక స్టూలు ఒరిగింది.

స్టీలు ప్లేటు నేలమీద పడింది. గణగణమంటూ తన అంచుమీద తాను తిరిగి, తిరిగి, చప్పుడు చిక్కబడి, సన్నబడి, మెల్లగా నేలకు అణిగింది. దాన్ని ఎవరూ తీయలేదు.